పిడికిలిలో బంతి



మూడు వారాలు హైదరాబాదులో మా అమ్మాయి ఇంట ఉండి మొన్ననే ఊరికి తిరిగి వచ్చాను. వస్తూ వస్తూ నా సంచిలో ఒక క్రొత్త వస్తువు వెంట తెచ్చుకొన్నాను. నిమ్మపండు కంటె పెద్దది, బత్తాయి కంటె చిన్నది అయిన పసుపుపచ్చని మెత్తటి బంతి. నొక్కితే గుప్పిట్లో అణగిపోతుంది. వదిలితే తాపీగా మళ్ళీ తన గుండ్రని రూపానికి వస్తుంది. దీనిని 'స్ట్రెస్ బాల్' అంటారట. అరవై దాటిన తెలుగు పండితుడు పిల్లలాడుకొనే బంతిని గురించి వ్రాయడమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. నాకూ మొదట నవ్వే వచ్చింది. ఆ నవ్వు ఎందుకు ఆగిపోయిందో చెప్పడానికే ఈ టపా.

ముందుగా మాట సంగతి. పాతికేళ్ళకు పైగా నల్లబల్ల ముందు నిలబడినవాడికి మాటను పట్టుకోకుండా ముందుకు సాగడం చేతకాదు, మన్నించాలి. తాకు నుండి తాకిడి, దోచు నుండి దోపిడి వచ్చినట్లే ఒత్తు నుండి ఒత్తిడి వచ్చింది. ఒత్తడమంటే అదమడం, నొక్కడం. మనస్సుకు కలిగే బరువుకు మనవాళ్ళు చేతితో చేసే పని పేరే పెట్టుకొన్నారు. ఇంగ్లీషు 'స్ట్రెస్' కూడ కడ్డీలూ కమ్మీలూ ఎంత బరువును ఓర్చుకొంటాయో లెక్కవేసే శాస్త్రంలో తిరిగిన మాటే. హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు 1936లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన ఒక చిన్న లేఖతో దేహం మీద పడే దెబ్బలను గురించిన తన పరిశోధనను లోకానికి చెప్పడం మొదలుపెట్టి, 1956లో 'ది స్ట్రెస్ ఆఫ్ లైఫ్' అనే గ్రంథంతో ఆ మాటను సామాన్యుల దాకా తెచ్చాడు. ఒత్తిడి పోవడానికి ఒక వస్తువును ఒత్తమనడం మాటల గారడీలా కనబడుతుంది కాని, అందులో కొంత నిజం ఉన్నది. ఎంత నిజమున్నదో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

మా అమ్మాయి ఒక సాఫ్ట్‌వేరు సంస్థలో పని చేస్తున్నది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చొని, రాత్రి పదింటికి, పదకొండింటికి కూడ సముద్రాల అవతలి వారితో మాట్లాడుతూ ఉంటుంది. మాట్లాడుతున్నంత సేపూ ఎడమచేతిలో ఈ బంతి ఉంటుంది. ఒక రాత్రి ఆ మాటలు ముగిసిన తరువాత, "ఏమమ్మా, ఇంకా బంతులాట మానలేదా?" అన్నాను.

తను నవ్వలేదు. బంతిని బల్ల మీద పెట్టి, "నవ్వండి నాన్నా. ఆ రోజు తొమ్మిదో తరగతిలో మీ చేతిలో డస్టరు బదులు ఇది ఉండి ఉంటే ఎంత బాగుండేదో!" అన్నది.

ఏ రోజని నేను అడగలేదు. అడగవలసిన అవసరం లేకపోయింది.

అది 2002 ప్రాంతపు మాట. అప్పుడు మా అమ్మాయి మా బడిలోనే, నా తరగతిలోనే చదువుతున్నది. ఆ ఉదయం ప్రధానోపాధ్యాయుల గదిలో సమావేశం జరిగింది. పై నుండి వచ్చిన అధికారి ఒకరు, పదవ తరగతి ఫలితాల కాగితం చేతబట్టుకొని, తోటి ఉపాధ్యాయులందరి ఎదుట, "మాతృభాషలో కూడ పిల్లలు తప్పుతున్నారంటే పండితులు ఏం చేస్తున్నట్లు?" అన్నారు. నా దగ్గర సమాధానం ఉన్నది. రెండు సెక్షన్లను ఒక్క గదిలో కూర్చోబెట్టారనీ, నెలల తరబడి నన్ను వేరే పనులకు త్రిప్పారనీ చెప్పవచ్చు. చెప్పలేదు. నోరు మూసుకొని బయటికి వచ్చి, డస్టరు తీసుకొని తరగతికి వెళ్ళాను.

గుణసంధికి ఉదాహరణ చెప్పమని రెండవ బెంచీలోని కుర్రవాణ్ణి అడిగాను. "రామాలయం" అన్నాడు. అది సవర్ణదీర్ఘసంధి. కుర్రవాడు చేసిన తప్పు అంతే. చేతులు చాచమని, డస్టరు కొయ్యవైపుతో వ్రేళ్ళ కణుపుల మీద కొట్టాను. ఒకటి కాదు. ఎన్నో లెక్కపెట్టలేదు. కుడిచేతి నడిమివ్రేలు వాచి, వారం రోజులు వాడు కలం సరిగా పట్టుకోలేకపోయాడు. ఆ వారమంతా వాడి నోట్సు మా అమ్మాయే వ్రాసిపెట్టిందట. ఈ సంగతి ఇరవైయేళ్ళు దాటిన తరువాత, ఆ రాత్రి తను చెప్పగా తెలిసింది.

వాడు ఇప్పుడు కుటుంబీకుడు. కొన్నేళ్ళ క్రిందట ఒక పెండ్లిలో కనబడి పాదాలకు నమస్కరించి, "మీరు ఆనాడు కొట్టబట్టే మేము మనుషులమయ్యాము మాస్టారూ" అన్నాడు. ఉపాధ్యాయులకు పాత శిష్యులు ఇచ్చే సర్వసాధారణమైన బహుమానమిది. మనం దానిని సంతోషంగా పుచ్చుకొంటాం. నేను మాత్రం అతని వ్రేలి వంక చూచాను. నేను కొట్టింది అతని సంధిని సరిదిద్దడానికి కాదు. ఉదయం నా గొంతులో ఆగిపోయిన సమాధానాన్ని తీసికొనిపోయి అతని వ్రేళ్ళ మీద వేశాను. అతడు బాగుపడ్డాడంటే అది అతని మంచితనం. నా డస్టరు మహిమ కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. అయితే, చట్టం చేతిని ఆపగలదు కాని, ఆ చేతిలోకి అప్పటికే దిగిన కోపాన్ని ఏం చేయాలో చెప్పదు.

అసలు కోపం చేతిలోకే ఎందుకు దిగుతుంది? హార్వర్డులో పనిచేసిన వాల్టర్ కేనన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో, భయం, క్రోధం కలిగినప్పుడు దేహం పోరాటానికో పలాయనానికో సిద్ధపడుతుందని వివరించాడు. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది, దవడ బిగుసుకొంటుంది, పిడికిలి ముడుచుకొంటుంది. అడవిలో పులి ఎదురైనప్పుడు ఇది పనికివచ్చే ఏర్పాటే. సమావేశంలో అధికారి ఎదురైతే పోరాడనూ లేము, పరుగెత్తనూ లేము. సిద్ధమైన దేహం సిద్ధంగానే మిగిలిపోతుంది. మరొక సంగతి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, సహచరుడు బోల్డ్రేతో కలిసి 1937లో ప్రకటించిన పరిశోధనలో, మెదడు ఉపరితలం మీద ఏ అవయవానికి ఎంత చోటున్నదో చూపించాడు. మొండెం మొత్తానికి ఉన్న చోటు కంటె చేతికి, వ్రేళ్ళకు ఉన్న చోటే ఎక్కువ. కాబట్టి చేతికి ఒక పని చెప్పడమంటే మెదడులో చాలా పెద్ద భాగానికి పని చెప్పడమే. బంతి పట్టుకొన్నవారికి కొంత నిమ్మళంగా ఉండడానికి ఇదొక కారణం కావచ్చునని నా ఊహ.

ఇక్కడే జాగ్రత్తగా గమనించవలసిన విషయమొకటి ఉన్నది. 'కోపాన్ని బంతి మీద తీర్చుకో' అని కొందరు సలహా ఇస్తారు. అది సరికాదు. బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికా మనస్తత్త్వశాస్త్రవేత్త 2002లో ప్రకటించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకొంటూ సంచిని గుద్దినవారికి కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చేయకుండా ఊరకే కూర్చొన్నవారే వారికంటె నయంగా ఉన్నారు. తరువాత 2024లో ఆయనా, సోఫీ షర్విక్ అనే పరిశోధకురాలూ కలిసి 154 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. దేహంలోని ఉద్రేకాన్ని తగ్గించే పనులు, అంటే శ్వాస మీద ధ్యాస, కండరాలను సడలించడం, ధ్యానం వంటివి కోపాన్ని తగ్గిస్తున్నాయనీ, ఉద్రేకాన్ని పెంచే పనుల వలన మొత్తం మీద ఆ ఫలితం లేదనీ తేల్చారు. బంతిని అధికారి మెడగా భావించి పిసికితే లాభం లేదన్నమాట.

మరి బంతిలో గుణం ఎక్కడ ఉన్నది? నా ఉద్దేశంలో నొక్కడంలో లేదు, వదలడంలో ఉన్నది. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అనే గ్రంథం ప్రకటించాడు. ఆయన పద్ధతి చాలా సరళమైనది. ఒక కండరాన్ని కావాలని బిగించి, తరువాత వదిలి, ఆ రెండింటి తేడాను గమనించాలి. బిగువు తెలియనివాడికి సడలింపు తెలియదు. ఆ ఉదయం నా పిడికిలి బిగుసుకొని ఉన్నదని నాకు తెలియదు. తెలిసి ఉంటే బహుశా విప్పేవాణ్ణి. చేతిలో మెత్తని వస్తువు ఉన్నవాడికి ఆ సంగతి తెలుస్తుంది. బంతి నలిగినప్పుడు, 'అరె, నేను బిగించాను' అని చెయ్యి తనకు తానే చెప్పుకొంటుంది.

ఈ మాటలన్నీ మా ఆవిడతో ముచ్చటిస్తూ, "మన పెద్దల కాలంలో ఇవన్నీ ఎందుకు? చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. ఆడవారు వత్తులు చేసేవారు, పూలు కట్టేవారు, చిక్కుడుకాయలు ఒలిచేవారు. మగవారు అడకత్తెరతో వక్కలు కత్తిరించేవారు, అరుగు మీద కూర్చొని నులక పేనేవారు. పిల్లలు బంకమట్టితో ఎడ్లను చేసేవారు" అని ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. చెప్పుకొంటే నూట యెనిమిది పూసల జపమాల ఉన్నది, ముసల్మానుల తస్బీహ్ ఉన్నది, క్రైస్తవుల రోజరీ ఉన్నది. వాటి పరమార్థం వేరు. అవి ఆటవస్తువులని నేననను. కాని వ్రేళ్ళు కదులుతుంటే మనస్సు కుదురుతుందని ఎరిగిన మనుష్యులే వాటిని చేతికిచ్చారని అనుకొంటాను. గ్రీసు దేశంలో మాత్రం మగవారు ప్రార్థనతో పని లేకుండానే 'కొంబొలోయి' అనే పూసలపేరును వ్రేళ్ళ మధ్య త్రిప్పుతూ కాలక్షేపం చేస్తారు. చైనాలో హెబెయ్ రాష్ట్రంలోని బావొడింగ్ నగరం పేరుమీద, అరచేతిలో రెండు గుండ్లను త్రిప్పే అలవాటు ఉన్నది.

మా ఆవిడ అంతా విని, "చిక్కుడుకాయలు ఒలిస్తే ఒత్తిడి తగ్గుతుందని ఒలిచేవాళ్ళమా? పొద్దున పదిమందికి కూర కావాలని ఒలిచేవాళ్ళం. మీరు కూర్చొని చెప్తే ఏదైనా హాయిగానే ఉంటుంది" అన్నది. నా ఉపన్యాసం అక్కడ ఆగిపోయింది. ఆమె చెప్పింది న్యాయమే. తప్పించుకోలేని పని విశ్రాంతి కాదు. పాతకాలంలో ఒత్తిడి లేదని చెప్పడం అడగనివారి మాట. తరువాత ఆమే కొంచెం ఆలోచించి, "సున్నుండలు చుట్టేటప్పుడు మాత్రం బాగుండేది. ఎక్కువ నొక్కితే నెయ్యి కారుతుంది, తక్కువ నొక్కితే విడిపోతుంది. దాని మీదే ధ్యాస ఉండేది" అన్నది. బంతిని గురించి నేను ఇంత సేపు వెదుకుతున్న మాట అదే.

ఇక అసలు విన్నపానికి వస్తాను. ఆ పసుపుపచ్చ బంతి మా అమ్మాయి కొనుక్కొన్నది కాదు. ఉద్యోగుల మానసిక ఆరోగ్యమంటూ వాళ్ళ కార్యాలయం వారు ఇచ్చినది. దాని మీద సంస్థ ముద్ర కూడ ఉన్నది. అదే నెలలో ఆమె బృందంలో ఇద్దరు మానివేస్తే, వారి పని మిగిలినవారికి పంచారట. ఒక చేత్తో ఒత్తిడి పెంచి, రెండవ చేత్తో బంతి ఇచ్చారు. దీనిని మాత్రం నేను సమర్థించలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో 'బర్నవుట్' అనే అలసటను, సరిగా నిర్వహింపబడని దీర్ఘకాలపు పని ఒత్తిడి వలన కలిగేదిగా నిర్వచించింది. దానిని వ్యాధిగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చేర్చింది. అంటే మూలం పనిలో ఉన్నది. మూలాన్ని వదిలి ఉద్యోగి అరచేతికి మందు పూయడం సరికాదు. ఇంటర్మీడియెటు పిల్లలను తెల్లవారుజాము నుండి రాత్రి దాకా గదిలో కూర్చోబెట్టి, పరీక్షల ముందు చేతికొక ఆటవస్తువు ఇచ్చే వసతి కళాశాలలకూ, వాటిలో చేర్పించే తలిదండ్రులకూ ఇదే మాట చెప్తాను. నాకు ఆ ఉదయం కావలసింది బంతి ఒక్కటే కాదు. రెండు సెక్షన్లకు రెండు గదులు కూడ కావాలి.

అందుచేత బంతిని అవతల పారవేయమంటానా? అననే అనను. గదులు రావడానికి ఏళ్ళు పడుతుంది. పిడికిలి విప్పడానికి క్షణం చాలు. ఆ క్షణంలోనే ఒక పసివాడి వ్రేళ్ళు ఉంటాయి, ఒక ఇల్లాలి చెంప ఉంటుంది, వెనక్కు తీసుకోలేని మాట ఉంటుంది. బంతి చేయగలిగినదల్లా ఆ క్షణాన్ని కొంచెం సాగదీయడం. దాని పని అంత చిన్నదే కాని, ఆ చిన్న పని జరగక పోయిన నష్టం నాకు తెలుసు.

వాడదలచినవారికి నాకు తెలిసిన నాలుగు సంగతులు చెప్తాను. బంతి మెత్తగా ఉండాలి. శ్రమపడి నొక్కవలసినది పనికిరాదు. నాలుగైదు అంకెలు లెక్కపెట్టే దాకా నొక్కి, దానికి రెండింతల సేపు పూర్తిగా వదలాలి. వదిలినప్పుడు చెయ్యి ఎలా ఉన్నదో గమనించాలి. ఊపిరి బిగబట్టకూడదు. గట్టిగా చాలాసేపు పట్టి ఉంచితే ఆ కాసేపు రక్తపోటు పెరుగుతుంది కాబట్టి, రక్తపోటు ఉన్న నా వయస్సువారు తేలికగా నొక్కి వదలడం మంచిది. వ్రేళ్ళ కీళ్ళు వాచి ఉన్నవారు, చేతికి శస్త్రచికిత్స అయినవారు వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి. కొననక్కరలేదు కూడ. బుడగలో గరాటుతో బియ్యపుపిండి నింపి, ముడివేసి, పైన ఇంకొక బుడగ తొడిగితే సరిపోతుంది. అయితే చిన్నపిల్లలకు అందనివ్వకండి. చిరిగిన బుడగ ముక్క గొంతుకు అడ్డుపడుతుంది. నీళ్ళలో ఉబ్బే పూసలతో నింపినవి ఇంట్లో పసివాళ్ళుంటే అసలే వద్దు. ఆ పూసలను మింగితే కడుపులో ఉబ్బి ప్రేగులకు అడ్డుపడతాయి.

తరగతిలో పిల్లలకు ఇవ్వవచ్చునా అని ఉపాధ్యాయ మిత్రులొకరు అడిగారు. 2017లో 'ఫిడ్జెట్ స్పిన్నర్' అనే గిరగిర తిరిగే ఆటవస్తువు దేశదేశాల్లో పిల్లల చేతుల్లోకి వచ్చి, అమెరికాలోనూ బ్రిటనులోనూ చాలా బడులు దానిని నిషేధించాయి. తిరిగేది కంటిని లాగుతుంది; పాఠం పోతుంది. మెత్తని బంతి బల్ల క్రింద చేతిలో ఉంటే, కన్ను నల్లబల్ల మీదనే ఉండవచ్చు. కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి ఇచ్చి చూడమన్నాను. బంతిని విసరకూడదన్న ఒక్క నియమంతో. ఉపాధ్యాయుడు కూడ తన బల్ల సొరుగులో ఒకటి ఉంచుకొమ్మన్నాను.

నిద్ర పట్టక, అన్నం సయించక, బ్రతకాలని అనిపించక వారాలు గడుస్తుంటే మాత్రం అది బంతితో తీరేది కాదు. వైద్యుణ్ణి కలవాలి. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన 'టెలీ మానస్' సేవ 14416 సంఖ్యపై రాత్రింబగళ్ళు ఉచితంగా పలుకుతుంది, తెలుగులో కూడ.

మళ్ళీ మాటతోనే ముగిస్తాను. సంస్కృతంలో 'ముష్టి' అంటే పిడికిలి. ముష్టిఘాతమంటే పిడికిటిపోటు. ఆ మాటే తెలుగులోకి వచ్చి, పిడికెడు బియ్యం పెట్టడంగా, భిక్షగా మారింది. మూసి కొట్టినా, విప్పి పెట్టినా పిడికిలి ఒక్కటే.

ఊరికి బయలుదేరే ముందు అమ్మాయి తన బంతిని నా సంచిలో వేసింది. "నీకో?" అంటే, "ఆఫీసులో ఇంకా చాలా ఉన్నాయి లెండి" అన్నది. వచ్చిన తరువాత ఆ కుర్రవాడి ఫోను నంబరు కనుక్కొన్నాను. గుణసంధికి ఉదాహరణ అడగడానికి కాదు. "ఆనాడు తప్పు నాది" అని ఒక్క మాట చెప్పాలి. రెండు రోజుల నుండి ఫోను కుడిచేతిలో, బంతి ఎడమచేతిలో పట్టుకొని కూర్చొంటున్నాను. ఇది వ్రాయడం ముగించిన తరువాత చేస్తాను.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారూ, ఉండి విరమించినవారూ తమ అనుభవాలు చెప్తే చదువుకొంటాను.

స్వస్తి.